ఎదురెదురు బెంచీలు

వజ్రవ్వ పేరు విని సూరత్‌లో నవ్వని మనిషి లేడు. వరాఛాలో ఊరంతా కూర్చుని వజ్రాలకు సాన పడుతుంటే, ఆ పేరు పెట్టుకున్న మనిషి మాత్రం జన్మంతా బట్టల కార్ఖానాలో దారం కండెలు చుట్టిందని అందరికీ వేళాకోళమే. ఆమె ఏనాడూ ఉడుక్కోలేదు. "మా నాయిన పెట్టిండు, ఆయన్నే అడుగుండ్రి" అనేది. ఆ నాయన సిరిసిల్ల పక్క పల్లెలో ఎప్పుడో కన్నుమూశాడు కాబట్టి, వెళ్ళి అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడామె ఉండేది యూనివర్సిటీ వెనక, శారదా కుంజ్ సొసైటీలో, కింది వాటాలో. కొడుకు సాయికుమార్ బ్యాంకులో ఆఫీసరయ్యాక కొన్న ఇల్లు అది. అమ్మానాన్నలను నవాగామ్ గల్లీలో వదిలేసి తానొక్కడూ ఇక్కడ ఉండనని పట్టుబట్టి, పోయిన ఎండాకాలం ఇద్దరినీ తీసుకొచ్చాడు. కోడలు సంధ్య రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్ల. అత్తమామలు వస్తున్నారంటే మూతి ముడవకుండా వాళ్ళ గదికి కొత్త కర్టెన్లు కుట్టించింది. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

వజ్రవ్వకైతే ఏమీ అక్కర్లేదు. ఆ వీధి చూసీ చూడగానే ఆమెకు ప్రాణం కుదుటపడింది. నల్లా తిప్పితే నీళ్ళు. గేటు దాకా వేపచెట్లు. వరండాలో పాత యజమాని వదిలేసిపోయిన ఊయల. గుజరాతీవాళ్ళకు అది లేనిదే ఇల్లు ఇల్లు కాదు. దాని మీద కూర్చుని, కాలితో నేలను మెల్లగా తంతూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే తనంత మహారాణి లేదనుకునేది. మధ్యాహ్నం పూట యూనివర్సిటీ గోడ మీద ఉడుత పరిగెత్తినా వినబడుతుంది. పరీక్షల రోజుల్లో పిల్లలు పుస్తకాలు పట్టుకుని వేపచెట్ల నీడన అటూ ఇటూ తిరుగుతూ, శబ్దం రాకుండా పెదవులు కదుపుతుంటారు. ఇంత నెమ్మది లోకంలో ఉంటుందని తెలియకుండానే ముసలిదాన్నయ్యానే అని ఆమెకు ఒక్కోసారి దిగులేసేది.

చిక్కల్లా దశరథంతోనే వచ్చింది.

దశరథం ఆమె పెనిమిటి. సాంచాలు నడిపీ నడిపీ చెవులు పోగొట్టుకున్న మనిషి. సాంచా అంటే మరమగ్గం. సూరత్‌లో మనవాళ్ళ నోట మరమగ్గం అన్న మాట వినబడదు, అది పుస్తకాల్లో మాట. నవాగామ్‌లో వాళ్ళ గదికి ఎదురుగానే కార్ఖాన. పగటి పాళీవాళ్ళు దిగితే రాత్రి పాళీవాళ్ళు ఎక్కేవాళ్ళు తప్ప సాంచాలకు నిద్రన్నది లేదు. ఆ దెబ్బకు గది గోడలు సన్నగా అదిరేవి. అరమీద పెట్టిన స్టీలు గిలాసలు పొద్దున ఒకచోట ఉంటే సాయంత్రానికి అంచు దాకా నడిచొచ్చేవి. వజ్రవ్వ రోజూ దీపం పెట్టే వేళకు వాటిని గోడ దాకా వెనక్కి నెట్టేది. చిన్నప్పుడు సాయికుమార్ అవి బడికి పోతున్నాయి అనుకునేవాడు.

ఆ అదురులో పడుకున్నవాడు దశరథం. చెవులకు వినబడకపోయినా నేల అదురు ఒంటికి తెలుస్తుంది. అదురు ఉన్నంతసేపూ గుర్రుపెట్టేవాడు, ఆగితే ఉలిక్కిపడి లేచేవాడు. సాంచాలు ఆగాయంటే ఏదో కీడు వచ్చినట్టే మరి. ప్లేగు వచ్చిందని జనం దొరికిన రైలెక్కి పారిపోయిన ఏడు ఆగాయి. వరద నీళ్ళు ఊరిని ముంచిన ఏడు ఆగాయి. కరోనాలో ఆగినప్పుడు గల్లీ గల్లీ మూటలు కట్టుకుని నడకసాగించింది. దీపావళికీ ఆగేవి గానీ, అప్పుడు అందరూ ఊళ్ళకు పోయేవాళ్ళు కాబట్టి ఆ నిశ్శబ్దాన్ని వినే దిక్కు ఉండేది కాదు.

అలాంటివాణ్ణి తెచ్చి శారదా కుంజ్‌లో పడుకోబెడితే ఏమవుతుంది? మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తాడు, నేల కదలదు, గుండె గుభేలుమని లేచి కూర్చుంటాడు. "బందయిందా? ఎందుకు బందయింది?" అని వరండాలోకి పరుగు. ఊయల మీద కూర్చున్న వజ్రవ్వ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. "ఏది బందుగాలే. ఇది పిల్లగాని ఇల్లు. జర నిమ్మలపడు."

వజ్రవ్వ సూరత్ వచ్చింది పెళ్ళయిన కొత్తలో, దశరథం వెనకే రైలు దిగి, తలమీద ట్రంకుపెట్టెతో. మర్నాడే ఆమెను కార్ఖానాలో కండెలు చుట్టే మిషన్ దగ్గర కూర్చోబెట్టారు. లోపల అడుగుపెట్టగానే కప్పు కూలుతోందనుకుని కొంగు తలమీద కప్పుకుంది. తన గొంతు తనకే వినబడలేదు. ఆ చివర సాంచాల మధ్య నిలబడి దశరథం ఆమె వైపు చూసి పెదవులు కదిపాడు. తంబాకు నములుతున్నాడు కాబోలు అనుకుంది. మళ్ళీ కదిపాడు. పక్కన కూర్చున్న ముసలావిడ ఆమె గడ్డం పట్టుకుని మొహం అటు తిప్పి, అతని పెదవులు చూపించింది. మూడోసారికి అర్థమైంది. "తింటివా" అంటున్నాడు.

అంతే, అక్కడినుంచి వాళ్ళ కాపురం సగం అట్లాగే నడిచింది. కార్ఖానాలో గొంతెత్తి లాభం లేదు కాబట్టి ఎవరూ ఎత్తరు. పెదవులతోనే మాట, కళ్ళతోనే వినడం, అక్కడక్కడ చేతి సైగలు. సేఠ్ వస్తున్నాడంటే పొట్ట నిమురుకోవడం. చాయ్ అంటే బొటనవేలు పెదవికి ఆనించడం. పాళీ అయిపోయి ఇంటికి పోదామంటే దశరథం భుజం మీది తువ్వాల తీసి ఒక్కసారి దులిపేవాడు, గడ్డం గది వైపు ఎగరేసేవాడు. ఆ గడ్డం ఎప్పుడెగురుతుందా అని ఆమె పొద్దంతా చూసేది. సిగ్గుపడి చెప్పుకోలేదు గానీ, బయట నలుగురిలో నోరు తెరిచి అనలేని మాటలు కూడా అతను ఆ గోలలో, అంతమంది మధ్య, దర్జాగా అనేసేవాడు.

ఆ గోలలో మరొక సుఖమూ ఉండేది. గట్టిగా ఏడవొచ్చు. మొదటి కాన్పు నిలవనప్పుడు, ఊరి నుంచి వచ్చిన అత్త ముందర ఏడిస్తే అరిష్టమన్నారని, వజ్రవ్వ కార్ఖానాకు వచ్చి కండెల మిషన్ ముందు కూర్చుని నోరు తెరిచి ఏడ్చింది. పక్కనున్నవాళ్ళకు కూడా వినబడలేదు. దశరథానికి మాత్రం అంత దూరం నుంచీ కనబడింది. తన సాంచాలు బందుపెట్టి వచ్చి, పక్కన కూర్చోకుండా, ఆమెకు తన మొహం కనబడేలా ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ఏడుపు అయిపోయేదాకా అట్లా నిలబడి, మళ్ళీ వెళ్ళి సాంచాలు నడుపుకున్నాడు.

ఆ మనిషి మీద శారదా కుంజ్‌లో ఫిర్యాదు వచ్చిందంటే వజ్రవ్వకు తల కొట్టేసినట్టయింది.

చెవులు పోయినవాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. నవాగామ్‌లో ఎవరికీ పట్టింపు లేదు, అక్కడ అందరివీ అవే చెవులు. ఇక్కడ పొద్దున్నే కళ్ళు తెరవగానే దశరథం మొదటి మాట, "మోకాలు నొప్పి తక్కువైందా?" అది పెళ్ళాం మీద ప్రేమతో అన్నదే. కానీ తెలుగు తెలియని వీధికి అది కొట్టడానికి వస్తున్నవాడి కేకలా ఉండేది. ఆమె కూడా అతనికి వినబడాలి కదా, "తక్కువైంది, నువ్వు చాయ్ తాగు" అని అంతకు అంత అరిచేది. పై వాటాలో హంసాబెన్ అని, యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ ఒంటరిగా ఉంటుంది. కింద ముసలాళ్ళు రోజూ తిట్టుకుంటున్నారనీ, ఏదో ఒకరోజు ఘోరం జరుగుతుందనీ భయపడి, సొసైటీ పెద్దల చెవిన వేసింది. ఆవిడ తప్పేం లేదు. ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది.

సాయికుమార్ ఆ సాయంత్రం బూట్లు విప్పకుండానే తండ్రి ముందు కూర్చున్నాడు. చెప్పలేక చెప్పాడు. "బాపూ, జర మెల్లగ మాట్లాడుండ్రి. ఇక్కడ పబ్లిక్ వేరే ఉంటరు."

దశరథం కొడుకు పెదవులనే చూస్తూ మొత్తం అర్థం చేసుకున్నాడు. కోప్పడలేదు. అదే వజ్రవ్వకు ఎక్కువ బాధనిపించింది. "నా గొంతు నాకే ఇనవడదు బిడ్డా" అన్నాడు. "ఎంత తగ్గియ్యాలె? నాకెట్ల ఎర్కైతది?"

కొడుకు చెవి మిషన్ కొనిచ్చాడు గానీ, అది పెట్టుకుంటే చెవిలో ఈల వేస్తోందని దశరథం రెండు పూటలకే తీసి డ్రాయరులో పడేశాడు. తగ్గించడం ఎట్లాగో తెలియక అసలు మాటే మానేశాడు. పొద్దున లేచి మోకాలు నొప్పి గురించి అడగడం లేదు. కూర బాగుందని లేదు, బాగోలేదని లేదు. సంధ్య బెంగపడిపోయి, "అత్తమ్మా, మామయ్య నా మీద అలిగారా" అని అడిగింది. "నీ మీద ఎందుకలుగుతడు బిడ్డా, ఆయనకు ఆయన మీదనే అలుక" అంది వజ్రవ్వ. ఒకే గదిలో రెండు మంచాల మీద పడుకుని, ఆ మనిషి గొంతు వినకుండా తెల్లారిపోవడం ఆమెకు కొత్త. నిశ్శబ్దం కోసం ముఖం వాచిపోయిన మనిషే, ఆ నిశ్శబ్దాన్ని చూస్తే ఒళ్ళు మండిపోయే దశకు వచ్చింది.

మాటలు మానేసిన వారం రోజులకు దశరథం ఒకే ఒక్క మాటన్నాడు. "నేను నవాగామ్ పోత."

నవాగామ్ గది ఇంకా వదులుకోలేదు. మంచం, ట్రంకుపెట్టె, అరమీది సామాను అక్కడే ఉన్నాయి. గది యజమాని దీపావళి దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత ఊళ్ళ నుంచి కొత్త మనుషులు దిగుతారు, ఎవరికైనా ఇచ్చేస్తాడు. ఉంటారో ఖాళీ చేస్తారో ఆలోపు చెప్పాలి.

"నీతోని నేను రాను" అంది వజ్రవ్వ.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. పెళ్ళయిన నాటి నుంచి అతను ఎటు గడ్డం ఎగరేస్తే అటు నడిచింది. కానీ మోకాళ్ళు అరిగిపోయాయి. నవాగామ్‌లో నీళ్ళు పట్టాలంటే గల్లీ చివరికి పోవాలి. పైగా ఆమెకు ఈ వేపచెట్లు కావాలి, ఈ ఊయల కావాలి, బ్యాంకు నుంచి వచ్చే కొడుకు కోసం కోడలు పెట్టే చాయ్ వాసన కావాలి. జీవితంలో తనకంటూ ఇది కావాలని ఎన్నడూ అడగని మనిషి ఇప్పుడు అడుగుతోంది. అతను ఒంటరిగా వెళ్ళిపోతే తన బతుకేమవుతుందో ఆలోచించే ధైర్యం మాత్రం లేదు. దీపావళి దగ్గరపడుతోంది.

దసరా దాటాక సొసైటీలో బోరు వేయించారు. పొద్దున్నే లారీ మీద మిషన్ దిగింది. ఇక చూడండి గోల. కిటికీల అద్దాలు గలగలలాడాయి, కుక్కలు గోడ దూకి యూనివర్సిటీలోకి పారిపోయాయి, హంసాబెన్ చెవుల్లో దూది పెట్టుకుని తలుపులన్నీ మూసుకుంది. వీధి వీధంతా తలపట్టుకుంది. దశరథం ఒక్కడే వరండాలోకి వచ్చి, అరికాళ్ళు నేలకు ఆనించి నిలబడ్డాడు. నేల అదురుతోంది. పోయిన చుట్టం తిరిగొచ్చినట్టు మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం ఆ గోలలోనే మంచమెక్కి గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఎన్ని రోజులైందో ఆ నిద్ర చూసి.

సాయంత్రం ఇంకా మిషన్ మోగుతూనే ఉంది. గేటు బయట కూరగాయల బండి ఆగితే వజ్రవ్వ వెళ్ళింది. బండివాడు ధర చెప్పడానికి వేళ్ళు చూపిస్తున్నాడు. ఎందుకో తల తిప్పి చూస్తే, వరండాలో దశరథం ఆమె వైపే చూస్తూ పెదవులు కదుపుతున్నాడు.

"ఏం కూర?"

శబ్దం లేదు. పెదవులంతే. వజ్రవ్వ చేతిలో వంకాయ అట్లాగే ఉండిపోయింది. ఆమె కూడా గొంతు లేకుండా, పెదవులు మాత్రం కదిపి, "వంకాయ. తింటవా?" అంది.

"పుచ్చులు చూసి తీస్కో."

"నాకు ఎర్కలేదా?"

"నీకు ఎర్కనే, బండోడు మోసగాడు, మొఖం చూడు."

ఆమెకు నవ్వాగలేదు. బోరు మిషన్ పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే ఏమైందో తెలియక బండివాడు తన త్రాసు వైపు చూసుకున్నాడు. వరండాలో దశరథం కూడా నవ్వుతున్నాడు. ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టుకున్నామని ఆమె తననే తిట్టుకుంది. గోల ఉంటేనే పెదవులతో మాట్లాడాలని ఎక్కడుంది? గోల లేనప్పుడు మాట్లాడితే ఎవరు కాదన్నారు?

బోరు మిషన్ మర్నాడు వెళ్ళిపోయింది. వాళ్ళ మాటలు మాత్రం ఉండిపోయాయి. పొద్దున లేవగానే దశరథం మంచం మీద నుంచే పెదవులు కదిపి మోకాలి సంగతి అడుగుతాడు. సాయంత్రం ఇద్దరూ సొసైటీ తోటలోకి వెళ్తారు. పెదవులు కనబడాలి కాబట్టి పక్కపక్కన కూర్చోరు. దారికి అటొక బెంచీ, ఇటొక బెంచీ. ఆమె ఒకదాని మీద, అతను ఒకదాని మీద. మధ్యలోంచి కాలేజీ పిల్లలు నడిచిపోతుంటే వాళ్ళు దాటేదాకా మాట ఆపి, మళ్ళీ అందుకుంటారు. సిరిసిల్ల ముచ్చట్లు, కార్ఖానా ముచ్చట్లు, సేఠ్ పొట్ట ముచ్చట్లు. ఒకసారి అతను ఏదో అంటే వజ్రవ్వ చెంపలు ఎర్రబడి, "ముసల్తనంల సిగ్గుండాలె" అని బయటికే అనేసింది.

వీధికి ఇదేం తెలుసు? మొన్నటిదాకా అరుచుకున్నవాళ్ళు ఇప్పుడు నోరు మెదపరు, ఒకే బెంచీ మీద కూడా కూర్చోరు. మాటలు బందైపోయాయని అందరూ తీర్మానించేశారు. హంసాబెన్‌కు అన్నం సయించలేదు. ఒకరోజు గిన్నెలో శనగపిండితో చేసిన వేడి వేడి ఖమణ్ పెట్టుకుని కిందికి దిగి, వజ్రవ్వ చేతులు పట్టుకుంది.

"నావల్లే కదా," అంది హిందీలో. "నేను ఆ మాట అనకపోతే మీరిద్దరూ తిట్టుకుంటూనైనా మాట్లాడుకునేవారు. మా ఆయన పోయాక ఎవరైనా నన్ను తిట్టినా బావుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. తప్పైపోయింది బెన్."

వజ్రవ్వ మొదట తెల్లబోయింది. తర్వాత పక్కకు తిరిగి నవ్వింది. "మాట్లాడుకుంటనే ఉన్నం బెన్, పొద్దుందాక" అని తన గుజరాతీ హిందీ తెలుగు కలిపి చెప్పి, దశరథాన్ని పిలిచి, ఎదురుగా నిలబెట్టి చూపించింది. ఆమె పెదవులు కదిపింది. అతను బదులిచ్చాడు. హంసాబెన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏమన్నారు?"

"ఖమణ్‌ల ఉప్పు తక్కువున్నది అంటుండు."

హంసాబెన్ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. ఆ తర్వాత సొసైటీలో ఒక కొత్త భయం పుట్టుకొచ్చింది. దశరథం చూస్తుండగా ఎవరైనా గుసగుసలాడాల్సి వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టారు. పాపం, అతనికి అర్థమయ్యేవి తెలుగు పెదవులూ, కాస్తో కూస్తో హిందీ పెదవులూ. కాలేజీ పిల్లల ఇంగ్లీషు చదువులు ఎంత చూసినా కొరుకుడుపడలేదు.

ఇంత జరిగినా అసలు గొడవ తీరలేదు. చీకటి పడుతుంటే ఎదుటి బెంచీ మీద నుంచి దశరథం లేస్తాడు, భుజం మీది తువ్వాల దులుపుతాడు, గడ్డం ఎగరేస్తాడు. అది ఇంటికి పోదామనే పాత సైగే. కానీ ఆ గడ్డం తమ వాటా వైపు తిరగదు. యూనివర్సిటీ నీళ్ళ ట్యాంకు మీదుగా తూర్పుకు, ఉధ్నా దాటి, నవాగామ్ వైపు తిరుగుతుంది. వజ్రవ్వ తల అడ్డంగా ఊపుతుంది. అతను ఇంట్లోకి నడుస్తాడు. రోజూ ఇదే. నవ్వించిన మనిషే ఆఖర్న గుండె కోసి వెళ్తాడు.

దీపావళికి ముందొచ్చే ధన్‌తేరస్‌కు ముందు రోజు, గది యజమానికి జవాబు చెప్పడానికి ఇద్దరూ ఆటో కట్టించుకుని నవాగామ్ పోయారు. గల్లీలోకి ఆటో రాదు, మెయిన్ రోడ్డు మీదే ఆపి ఉండమన్నారు. దశరథం ముందు నడుస్తున్నాడు. అతని చేతిలో సంచీ ఉంది, అందులో అతని రెండు జతల బట్టలున్నాయి. అతను తిరిగి రాడని ఆ సంచీ చూస్తేనే తెలుస్తోంది. వజ్రవ్వ కాళ్ళీడ్చుకుంటూ వెనక నడిచింది.

గల్లీ మొదట్లోనే ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. కొంచెం దూరం పోయాక గానీ అర్థం కాలేదు. చప్పుడు లేదు. దీపావళి సెలవులు ఇంకా మొదలుకాలేదు, అయినా చప్పుడు లేదు. కార్ఖాన తలుపుకు తాళం వేసి ఉంది. దశరథం వెళ్ళి గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చాలాసేపు తియ్యలేదు.

"అరె దశరథమా, బతికే ఉన్నవారా," అని గల్లీ దద్దరిల్లేలా అరిచారెవరో. బక్కయ్య. పక్క గదిలోనే ఉంటాడు, దశరథంతో కలిసి అదే కార్ఖానాలో సాంచాలు నడిపాడు, చెవులూ అట్లాగే పోయాయి.

"సచ్చేటప్పుడు నీకు చెప్పకుంట సస్తనా?" అని దశరథం అంతకంటే గట్టిగా అరిచాడు. ఎన్నో రోజుల తర్వాత అతని గొంతు అట్లా పూర్తిగా తెరుచుకోవడం విని వజ్రవ్వకు ఒక్క క్షణం కడుపు నిండింది. ఈ మనిషి ఉండాల్సింది ఇక్కడే కాబోలు అని కూడా అనిపించింది.

"ఏందిది, బందున్నదేంది?" అని దశరథం కార్ఖాన గోడ చూపించాడు.

"మీరు పోయిన నాడే బందైంది. సేఠ్ పాత సాంచాలన్నీ తుక్కు కింద అమ్మిండు. కొత్త మిషన్లు ఊరవతల జోల్వా కాడ ఏసిండు. పోరగాళ్ళంత ఆడికే పోయిండ్రు."

"నువ్వెందుకు పోలే? మా భూదవ్వ ఏది?"

భూదవ్వ బక్కయ్య భార్య. "అది జోల్వాల పిల్లగాని కాడ ఉన్నది, మనుమల చూస్కుంట" అని అరిచాడు బక్కయ్య. "నన్ను గూడ రమ్మన్నరు. నేనెందుకు పోత? ఈడైతే నన్ను ఒర్రకుమని అనేటోడు లేడు. నా ఇల్లు, నా గొంతు."

దశరథం తలుపులోంచి లోపలికి చూశాడు. వజ్రవ్వ కూడా చూసింది. స్టవ్ మీద చిన్న గిన్నె, బోర్లించిన ఒక్క కంచం, ఉతకని చొక్కాలు. దశరథం బక్కయ్య వైపు తిరిగి, ఈసారి అరవకుండా, పెదవులు మాత్రం కదిపి అడిగాడు.

"మంచిగున్నవా?"

బక్కయ్య అతని మొహం చూశాడు. తర్వాత అతని పెదవులూ శబ్దం లేకుండా కదిలాయి.

"లేను. అది యాదికొస్తది."

ఆ మాట వజ్రవ్వ కోసం అన్నది కాదు, కానీ ఆమె చదివేసింది. ఆ గల్లీలో అంత అరుపుల మనిషి ఆ ఒక్క మాటను గొంతులోంచి బయటికి రానివ్వలేదు. దశరథం అతని భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత ఇటు తిరిగాడు. సంచీ చంకన పెట్టుకుని, భుజం మీది తువ్వాల తీసి ఒక్కసారి దులిపాడు. గడ్డం ఎగరేశాడు.

గది ఎదురుగానే ఉంది. గడ్డం గది వైపు తిరగలేదు. గల్లీ చివరికి, ఆటో ఆగి ఉన్న రోడ్డు వైపు, యూనివర్సిటీ వైపు తిరిగింది.

వజ్రవ్వకు ఇన్నాళ్ళూ కావలసింది అదే. దేవుళ్ళకు మొక్కుకున్నదీ అదే. సామాను ఒకసారి చూసి వస్తానని సైగ చేసి, గది తాళం తీసి లోపలికి వెళ్ళింది. ట్రంకుపెట్టె మీద దుమ్ము. మంచం కోళ్ళ కింద ఇటుకలు. అరమీద స్టీలు గిలాసలు వరసగా, పోయిన ఎండాకాలం తాను వెళ్ళేటప్పుడు గోడ దాకా నెట్టి ఎక్కడ పెట్టిందో అక్కడే ఉన్నాయి. ఒక్కటి కూడా వేలెడు జరగలేదు.

అప్పుడు ఏడ్చింది వజ్రవ్వ. పాత అలవాటు కొద్దీ నోరు తెరిచి, గుండెలోంచి ఏడ్చింది. కప్పుకోవడానికి సాంచాల చప్పుడు లేదని గొంతు బయటికొచ్చాక గానీ ఆమెకు గుర్తురాలేదు. ఆ ఏడుపు గల్లీ చివరి దాకా వినబడింది. గుమ్మంలో నిలబడ్డ ముసలాళ్ళిద్దరికీ వినబడలేదు.

ఇంతసేపు ఏం చేస్తోందా అని దశరథం లోపలికి తొంగిచూశాడు. చూసి, సంచీ కింద పెట్టాడు. వచ్చి, పక్కన కూర్చోకుండా, ఆమెకు తన మొహం కనబడేలా ఎదురుగా నిలబడ్డాడు.

"ఏందే?" అన్నాయి అతని పెదవులు.

"గిలాసలు జరగలే" అంది ఆమె, గొంతు లేకుండా.

అతను అరమీదికి చూశాడు. వెళ్ళి మంచం ఆ చివర కూర్చుని, ఇటు తిరిగి ఆమె మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. రోడ్డు మీద ఆటోవాడు విసుక్కుంటూ హారన్ కొట్టాడు. వజ్రవ్వకు వినబడింది గానీ, దశరథానికి చెప్పలేదు.